ఎంగిలి చేయి, ఖాళీ చాంబర్

"చాంబర్‌లో తూటా ఉందా?" అని అడిగాడు చీఫ్ నారాయణ, కూర్చోమని కూడా అనకుండా.

శేషన్న నడుములోని పిస్తోలును తడుముకున్నాడు. గుడారం గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటోంది. రాష్ట్రం కొత్తది, రాజధాని కొత్తది. కర్నూలులో సగం ఆఫీసులకు ఇంకా గోడల్లేవు. దేశ రహస్యాలన్నీ ప్రస్తుతానికి నాలుగు గుంజల మీద నిలబడి ఉన్నాయి. గాలి గట్టిగా వీస్తే అవి హంద్రీ నది దాకా ఎగిరిపోతాయని ప్యూన్లు కూడా నవ్వుకుంటున్నారు.

"ఖాళీ అన్నమాట," అన్నాడు చీఫ్. "మ్యాగజైన్ నిండా ఉండి చాంబర్ ఖాళీగా ఉంటే అది పిస్తోలు కాదు శేషన్నా, పేపర్ వెయిట్. అవసరం పడ్డప్పుడు రెండు చేతులతో స్లైడ్ లాగుతూ కూర్చుంటావా? శత్రువు ఆగుతాడా? ఇకమీద చాంబర్‌లోకి రౌండు ఎక్కించి, సేఫ్టీ వేసి మోయాలి. ఆర్డర్."

"లాజరు అట్లే మోసినాడు సార్."

చీఫ్ చూపు బల్ల మీదికి దించాడు. లాజరు శేషన్నతో కలిసి పనిచేసిన ఏజెంట్. పోయిన ఏడాది నంద్యాలలో బస్సు దిగుతుంటే నడుములో దాచుకున్న పిస్తోలు దేనికో తట్టుకుని పేలింది. తొడలోంచి కారే రక్తాన్ని శేషన్న రెండు చేతులతో అదిమిపట్టినా ఆగలేదు, లాజరు బతకలేదు. తర్వాత లాజరు భార్య కృపమణి, "ఎవరు కాల్చినారన్నా?" అని అడిగితే, "శత్రువులమ్మా," అని చెప్పాడు. ఆ రోజు నుంచి శేషన్నకు విదేశీ గూఢచారుల కంటే తన నడుములో ఉన్న ఇనుప ముక్క అంటేనే ఎక్కువ భయం. ఆ భయాన్ని మోసీ మోసీ అలసిపోయాడు కూడా.

"అది ప్రమాదం. ఇది డ్యూటీ," అన్నాడు చీఫ్ చివరికి. "విను. పుల్లయ్య అని జియాలజిస్టు. కడప కొండల్లో ఏదో ఖనిజం పట్టాడు. ఏ ఖనిజమో నన్నడక్కు, నాకూ చెప్పలేదు. ఎక్కడుందో అతనొక్కడికే తెలుసు. రేపు సాయంత్రం రైలెక్కి ఢిల్లీ పోయి నోటితో చెబుతాడు. రైలెక్కేలోపు చంపెయ్యమని ఒక విదేశీ ముఠా మనిషిని పంపింది. ఇప్పుడు పుల్లయ్య తిమ్మయ్య అనే నాపరాళ్ల గని యజమాని ఇంట్లో ఉన్నాడు. అక్కడికి నువ్వు బళ్లారి రాళ్ల వ్యాపారిగా పోతావు."

"అక్కడ మనవాళ్లెవరు?"

"రామేశ్వరమ్మ. నాటకాల నటి. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. కోడ్ వర్డ్, 'ఆ పక్క వాన పడిందా?' జవాబు, 'పడితే చెప్పనా?'"

రాయలసీమలో ఇది కోడ్ వర్డ్ ఏమిటని శేషన్న అడగబోయి, ఓపిక లేక ఊరుకున్నాడు. చీఫ్ ఇచ్చిన, ముక్కుపొడుం కాయలో దాచిన కెమెరా కూడా తీసుకున్నాడు. పోయినసారి మోసినవాడు అందులో నిజం పొడుం పోసుకున్నాడు. లెన్సు తుడిస్తే తుమ్ములొచ్చాయి తప్ప బొమ్మ కనపడలేదు.

ఆర్డర్ ఆర్డరే కాబట్టి గుడారం వెనక స్లైడ్ లాగి రౌండు ఎక్కించాడు. కడప బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎక్కిన ప్రతివాడూ తలపాగా విప్పి దులుపుకుంటూ అతన్ని ఒకటే ప్రశ్న అడిగాడు: "ఏమప్పా, ఆ పక్క వాన పడినాదా?" ఇందులో ఎవడు ఏజెంటో ఎవడు రైతో దేవుడికే తెలియాలి. పక్కన కూర్చున్న గురమ్మ అనే ముసలావిడ మనవరాలు నిద్రలో జారి, తల తెచ్చి సరిగ్గా అతని నడుము మీద పెట్టింది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా శేషన్న ఊపిరి బిగబట్టాడు. నంద్యాలలో బస్సాగగానే దిగి, మూత్రశాల గోడ వెనక చాంబర్‌లోని రౌండు బయటికి తీసి మళ్లీ మ్యాగజైన్‌లో పెట్టుకున్నాడు. చీఫ్ ఏమైనా అనుకోనీ. ఆ ఊళ్లో ఇంకోసారి రక్తం చూసే ఓపిక అతనికి లేదు.

మర్నాడు ఎండ నెత్తికెక్కే వేళకు గని చేరాడు. ఎటు చూసినా పలకలు పలకలుగా కోసిన నల్లరాయి, దాని మీద సుద్దలాంటి దుమ్ము. ఆ దుమ్ము మధ్య నల్ల కళ్లద్దాలు, గులాబీరంగు పట్టుచీర, జడనిండా మల్లెలతో రామేశ్వరమ్మ నిలబడి ఉంది. ఆమెను చూడ్డానికి రాళ్లు కొట్టేవాళ్లు సుత్తులు దించేశారు.

"ఆ పక్క వాన పడినాదా?" అంది.

"ఆ మాట నిన్నటి నుంచి జిల్లా అంతా అడుగుతాండాది తల్లీ. నువ్వు నువ్వేనని తెలిసిందిలే. సంగతి చెప్పు."

ఆమె పెదవి కొరుక్కుంది. "చంపేటోడు భోజనాలైనంక కారులో వస్తాడంట. దావలో కాలుస్తాడంట. అంతవరకూ భయం ల్యా. తిన్నంక పుల్లయ్యను వెనక దావలో తీసుకపో."

"నిజమేనా?"

"నాకు చెప్పింది నీకు చెప్తాండా. రెండుపక్కలా అబద్ధాలాడి నాకూ యాష్టపొచ్చినాదన్నా, అలిసిపోయినా."

ఆమె మాట శేషన్న నమ్మాడు. అలసిన మనిషిని అలసిన మనిషి తేలిగ్గా నమ్ముతాడు.

రాతి కప్పు వేసిన కొట్టంలో భోజనానికి బంతి కూర్చున్నారు. ఒక చివర తిమ్మయ్య, అతని పక్కన పుల్లయ్య, పుల్లయ్యకు కుడివైపు శేషన్న. పుల్లయ్య పొట్టిగా, మెత్తగా ఉన్నాడు. ఢిల్లీలో చలి ఎట్లా ఉంటుందని, ఉన్ని శాలువా కొనాలా అని అడుగుతున్నాడు. పెద్ద కూతురికి ఢిల్లీ నుంచి గాజులు తెస్తానన్నాడట. ఈ మనిషి ప్రాణం మీద ఎవరికి కక్ష ఉంటుందని శేషన్నకు జాలేసింది.

వడ్డించేవాడు పొడుగ్గా ఉన్నాడు. పేరు ఉరుకుందు. "మా వంటాయనకు జరమొచ్చింటే బదులొచ్చినాడు, శానా బాగా చేస్తాడు," అన్నాడు తిమ్మయ్య. ఎవరు పంపారని అడగాల్సిన ప్రశ్న శేషన్న నోటిదాకా వచ్చింది. కానీ పొగలు కక్కే రాగి సంగటి ముద్ద విస్తట్లో పడింది. దాని నడుమ గుంత చేసి కోడి పులుసు పోశారు, పక్కన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వేశారు. నిన్నటి నుంచి బస్టాండు టీలతో బతికిన మనిషి. ప్రశ్నను సంగటితో పాటు మింగేశాడు.

రెండో వడ్డనకు వచ్చిన ఉరుకుందు తిమ్మయ్య ముందు ఆగి, గరిటె గిన్నెలో వేసి, గిన్నె కింద పెట్టేశాడు. కుడి చేతిని భుజం మీది తువ్వాలుకు వేలు వేలునా తుడుచుకున్నాడు. వడ్డన ముగియకుండానే చేయి తుడుచుకునే మనిషిని శేషన్న ఎక్కడా చూడలేదు. అప్పుడు తట్టింది. ఈ బంతిలో అందరివీ ఎంగిలి చేతులే. పనికొచ్చే చెయ్యి ఈ కొట్టంలో వాడిదొక్కడిదే.

తువ్వాలు కింద నుంచి పిస్తోలు బయటికొచ్చింది.

శేషన్న కుడి చేతిలో సంగటి ఉంది. ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకుంటే వీపు విమానం మోత మోగించిన తల్లి పెంపకం అది. చావు ముందుకొచ్చినా ఆ చెయ్యి పిస్తోలు మీదికి పోలేదు. ఎడమ చెయ్యి పోయింది. దానంతటదే నడుము దట్టీలోంచి పిస్తోలు లాగింది, సేఫ్టీ తీసింది, పక్కకు తిప్పింది. తుపాకీ మాన్యువల్ రాసిన దొరలు ఫోర్కులతో తిన్నవాళ్లు. వాళ్లకు ఈ అవస్థ తెలియదు.

"పుల్లయ్యా, వంగు!" అని అరిచాడు.

పుల్లయ్య వంగలేదు. భయపడి లేచాడు. శేషన్న వేలు అప్పటికే ట్రిగ్గర్ లాగేసింది.

టిక్కుమంది. అంతే. చాంబర్ ఖాళీ అని వేలు మరిచిపోయింది.

పిస్తోలు మూతి ముందు జానెడు దూరంలో పుల్లయ్య తల వెనకభాగం ఉంది. చెవి వెనక ఉన్న పుట్టుమచ్చ కూడా కనపడింది. తూటా ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే తీరిక లేదు. శేషన్న భుజంతో గుద్ది పుల్లయ్యను కింద పడేశాడు. కుడి చేతిలోని వేడి సంగటిని పులుసుతో సహా ఉరుకుందు కళ్లలోకి కొట్టాడు. వాడు గావుకేక పెట్టాడు. వాడి పిస్తోలు పేలింది, తూటా కప్పురాతికి తగిలి పెచ్చు రాలింది. వాడు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ మళ్లీ గురిపెట్టబోతుంటే, రామేశ్వరమ్మ వెనక నుంచి వచ్చి పులుసు గిన్నె ఎత్తి వాడి మణికట్టు మీద మోదింది. పిస్తోలు జారిపోయింది. తిమ్మయ్య లేచి, తన బరువంతా వాడి వీపు మీద పెట్టి కూర్చున్నాడు.

పట్టుచీరంతా పులుసు మరకలతో రామేశ్వరమ్మ నిలబడి ఉంది. "కారులో వస్తాడనే నాకు చెప్పినారన్నా. నన్నే మోసం చేసినారు," అంది. "ఇంగ నేను ఒకే పక్క."

పుల్లయ్య లేచి వచ్చి శేషన్న కాళ్లు పట్టుకున్నాడు. "నా పిల్లోల్లు దిక్కు లేనోల్లయ్యేవాళ్లు సామీ. నువ్వే కాపాడినావు."

శేషన్న కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు. పెరట్లో చేతులు కడుక్కోబోయాడు. రామేశ్వరమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

"నేను చూసినాను," అంది మెల్లగా. "నీ పిస్తోలు ఎవరి పక్క తిరిగిండెనో."

"చెప్తావా?"

"ఇన్నేండ్లూ రెండుపక్కలా చెప్పి బతికినాను. ఇది మాత్రం ఏ పక్కా చెప్పను."

సాయంత్రం పుల్లయ్య రైలెక్కాడు. కిటికీలోంచి కనపడినంతసేపూ చెయ్యి ఊపాడు. శేషన్న ప్లాట్‌ఫారం మీద, రైలు పొగ కూడా పోయిందాకా నిలబడ్డాడు.

కర్నూలు గుడారంలో చీఫ్ రిపోర్టు విని బల్ల మీద గుద్దాడు.

"ట్రిగ్గర్ లాగితే టిక్కుమందా? నా ఆర్డర్ ఏమైంది? ఏజెంట్‌వా, పెళ్లి భోజనాలకొచ్చిన చుట్టానివా? సంగటి ముద్దతో దేశాన్ని కాపాడామని ఢిల్లీకి నేను ఏ ముఖం పెట్టుకుని రాయాలి? చాంబర్‌లో తూటా ఉండి ఉంటే ఈ అవస్థంతా ఉండేదా? మొదటి క్షణంలోనే కథ ముగిసేది!"

శేషన్న గుడారం తలుపు వైపు చూశాడు. బయట దుమ్ము లేస్తోంది. అతనికి నిద్రపోవాలని ఉంది.

"నిజమే సార్," అన్నాడు. "ఒక్క తూటాతో ముగిసేది."