చిన్న సైజు మాస్కు

"చేదు తెలుస్తోందా?"

"లేదు."

"మరి ముఖం అలా పెట్టారేం?"

"నా ముఖమే అంత!"

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ స్ప్రే పక్కన పెట్టి, ఆమె తలకు తొడిగిన ప్లాస్టిక్ ముసుగు తీసేశాడు. ముసుగు కింద ఆమె పెట్టుకున్న మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటే, ముసుగులోకి కొట్టిన చేదు మందు లోపలికి రాకూడదు. ఆమెకేమో గుక్కెడు కషాయం తాగినట్టుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ఒప్పుకోలేదు.

"ఫెయిల్," అన్నాడతను.

కార్లకు రంగులు వేసే ఆ వర్క్‌షాపులో స్ప్రే గన్ పట్టే అమ్మాయి ఆమె ఒక్కతే. టెస్టు పాసవని వాళ్లకు పెయింట్ గదిలోకి ప్రవేశం లేదు. దాంతో అంత చెయ్యి తిరిగిన పనిమంతురాలు రంగు పడకుండా కారు అద్దాలకు కాగితాలు అతికిస్తూ కూర్చుంది.

మళ్లీ టెస్టు, మళ్లీ ఫెయిల్. ఆ పైసారీ అంతే.

"నిన్ను చూడ్డానికే ఫెయిల్ చేస్తున్నాడే," అంది క్యాషియరక్క. మధ్యాహ్నానికల్లా ఆ మాట వర్క్‌షాపంతా పాకింది, ఒక్క అతని చెవిలో తప్ప. ఊపిరితిత్తుల మీద గంటసేపు క్లాసు పీకే ఆ పెద్దమనిషికి, ఆమె ఎదురైతే మాత్రం ఊపిరాడేది కాదు.

చివరికి ఆమే స్టోర్ రూములో నిలదీసింది.

"ఇష్టముంటే ఇష్టమని చెప్పొచ్చుగా సార్! నా పని ఊడగొట్టడం దేనికి?"

అతని ముఖం ఎర్రబడింది. "ఇష్టం... ఉందే అనుకోండి. దానికీ మాస్కుకీ సంబంధం లేదు. మీది చిన్న ముఖం. ఇక్కడివన్నీ మగవాళ్ల సైజులు. చిన్నవి తెప్పించమని మేనేజరుతో రోజూ గొడవ పడుతున్నా. ఒక్క మనిషి కోసమా అంటాడు."

"మరి నాతో చెప్పరేం?"

"మీరు అడగలేదు. తిట్టారు."

మర్నాడు ఆమె తండ్రి వచ్చాడు. ఒకప్పుడు అదే షాపులో పెయింటరు.

"మా అమ్మాయి ముఖం పనికిరాదన్నది నువ్వేనా?"

"ముఖం చాలా బాగుందండీ!" గట్టిగా అనేశాడు. షాపంతా ఇటు తిరిగింది. "అంటే... మాస్కే బాగాలేదు."

పెద్దాయన నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. డబ్బా మీద కూలబడి చాలాసేపు దగ్గాడు.

"మా రోజుల్లో జేబురుమాలే మాస్కు బాబూ," అన్నాడు తేరుకుని. "నన్ను ఫెయిల్ చేసేవాడు ఒక్కడూ దొరకలేదు."

లేచి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. లోపల ఏం మాట్లాడాడో తెలియదు; బయటికి దగ్గు మాత్రమే వినిపించింది. ఆ వారంలోనే చిన్న సైజు మాస్కులు దిగాయి.

మళ్లీ టెస్టు.

"మాట్లాడేటప్పుడు కూడా మాస్కు జారకూడదు. ఏదైనా మాట్లాడండి," అన్నాడతను.

"మీరు మొండివారు. నవ్వడం రాదు. మీ క్లాసంటే అందరికీ నిద్దరే. అయినా ఆదివారం భోజనానికి రమ్మన్నారు నాన్న. నేనూ రమ్మంటున్నా."

అతను చేతిలోని స్ప్రే వంక చూసుకున్నాడు.

"ఈ టెస్టు చెల్లదు," అన్నాడు మెల్లిగా. "స్ప్రే కొట్టడం మర్చిపోయాను. మొదట్నుంచీ చెప్పండి."

"తిట్లు కూడానా?"

"తిట్లు కూడా."

ఒక్క తిట్టూ తగ్గించకుండా అన్నీ తిట్టి, భోజనానికి పిలిచి, ఆమె పాసైపోయింది.