సెన్సర్ నోరు నొక్కిందెవరు?

సంఘం పెద్దలారా, సిగ్గుండాలి మీకు! యంత్రం చచ్చిన ప్రతిసారీ మీకు దొరికేది నడిపిన మనిషి మెడే. ఆ పాత సరుకును ఏరి తెచ్చినవాడి మెడలో మాత్రం దండలేస్తారు. హాచాపంపా ఊళ్లో జరిగింది అచ్చంగా అదే.

సతుర్నీనా లరూటా ఎల్ ఆల్తో పట్నంలో ఇరుకు మెట్లెక్కి డిటెక్టివ్ బసీలియా కొండోరేనా గదిలోకి వచ్చినప్పుడు ఉదయం తొమ్మిదైంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మధ్యాహ్నం మూడింటికి ఊరి సభ, దొన్యా. నన్ను ఊరు వెళ్లగొట్టి నా పొలం చెక్క లాక్కుంటారు. ఆ నేల తప్ప నా పిల్లలకి ఇంకేం లేదు.”

“ఏం చేశావని?”

“చెరువు తవ్వే ఎక్స్‌కవేటర్ ఇంజన్ పట్టేసింది. నూనె లేకుండా నడిపి చంపానంటున్నారు. అందరికన్నా ముందు ఆ మాట అన్నది మా పద్రీనో ఫోర్తునాతో అరుకీపాయే. ఆ పాత బండిని రేవులో ఏరి కొన్నదీ ఆయనే. మా పెళ్లికి పెద్దరికం చేసి, నన్ను కూతురని పిలిచిన మనిషి.”

బసీలియా ఇరవయ్యేళ్లు బస్సుల షెడ్డులో నూనె మరకల మధ్య బతికిన మనిషి. టోపీ తలకి పెట్టుకుని లేచింది. సహాయకుడు గ్రోవర్ ల్యూస్కో అప్పటికే మీటరు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసేశాడు. నలభై అయిదేళ్ల కరెంటు మేస్త్రీ. ఆవిడ టోపీ పెట్టుకుందంటే ఎవడి బండారమో బయటపడుతుందని అతని నమ్మకం.

ఊరికి వెళ్లే మినీబస్సులో బసీలియా ప్రశ్నలు మొదలుపెట్టింది.

“హెచ్చరిక దీపమేదీ వెలగలేదా?”

“వెలిగింది. కార్నవాల్ పండగ అయిన రెండు వారాలకి, ఆయిల్ ప్రెషర్ దీపం. పద్రీనోకి చెప్పాను. ‘అది సెన్సర్ జబ్బే తల్లీ, ఈ కొండల ఎత్తుకి యంత్రానికీ తల తిరుగుతుంది’ అని నవ్వారు. మర్నాటికి దీపం ఆరిపోయింది. బాగుచేశారనుకున్నాను.”

“తర్వాత?”

“ఇంజన్లో టకటక మొదలైంది. సభలో మూడుసార్లు చెప్పాను. ఆడదాని చెవికి అన్నీ చప్పుళ్లేనన్నారు.”

“పొద్దున ఇంజన్ ఎలా లేపుతావు?”

“తాళం ఒకే తిప్పు. మధ్యలో ఆపితే బ్యాటరీ చస్తుందని పద్రీనో నేర్పారు.”

గ్రోవర్ ముఖం చిట్లించాడు. ఇంత చలిలో డీజిలింజన్‌ని కాసేపు వేడెక్కనిచ్చి లేపమని పసివాళ్లకీ తెలుసు. ముప్పయ్యేళ్లు గని లారీలు నడిపి, బాగుచేసిన ఫోర్తునాతో అరుకీపాకి తెలియదా?

వాళ్లు ఊరు చేరేసరికి చెరువు సగం తవ్విన గొయ్యిగా ఉంది. గట్టు మీద ఎక్స్‌కవేటర్, దాని తొండానికి వెలిసిపోయిన రంగు కాగితాల తోరణాలు. కార్నవాల్ మంగళవారం ఊరంతా దానికి బీరు పోసి, రంగు కాగితపు ముక్కలు చల్లి భూమితల్లి పాచమామకి మొక్కారు. ఆ మొక్కులో యంత్రానికి కూడా పద్రీనో, అంటే పెద్దదిక్కు, ఫోర్తునాతోనే.

ఆయన పెద్ద టోపీతో ఎదురొచ్చాడు. “పట్నం నుంచి డిటెక్టివా? చచ్చిన ఇనుముకి శవపరీక్షా, తల్లీ?”

“తెరవండి, చూద్దాం.”

ఆయన బానెట్ తాళంకప్ప తీశాడు. బసీలియా నూనె కడ్డీ లాగింది. నిండుగా ఉంది.

“ఆగిపోయాక పోసుంటుంది, దొంగ!” అన్నాడాయన.

“ఈ బానెట్ మూత తాళంచెవి ఆమె దగ్గరా ఉందా?”

“ఎలా ఉంటుంది! బ్యాటరీ దొంగల భయం. ఒకటే తాళంచెవి, నా మెడలోనే. రోజూ నూనె చూసేదీ నేనే.”

“మంచిది,” అని ఆవిడ క్యాబిన్ ఎక్కి, తాళం సగం తిప్పి ఆపింది.

మూడింటికి ఊరంతా యంత్రం చుట్టూ చేరింది. తాళం మళ్లీ సగం తిప్పి ఉంది.

“అందరూ ఈ నూనె మీటరు ముల్లు చూడండి,” అంది బసీలియా. “ఇంజన్ తిరగడం లేదు. అయినా నూనె ఒత్తిడి సగంలో నిలబడింది. చచ్చినవాడికి నాడి కొట్టుకుంటుందా? గ్రోవర్, ఆ తీగ పట్టుకో.”

గ్రోవర్ ఇంజన్ మీదికి వంగాడు. సెన్సర్ నుంచి తీగ ఊడదీసి ఉంది. దాని కొనలో, సెన్సర్‌కి బదులు దొంగ ఒత్తిడి చూపించే బియ్యపు గింజంత రెసిస్టర్, చుట్టూ నల్ల టేపు. దాన్ని లాగాడు. ముల్లు సున్నాకి పడింది. హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది.

“ఇది అమ్మినవాడి పని! రేవులో మోసం చేశారు!” ఫోర్తునాతో అరిచాడు.

బసీలియా టేపు నెమ్మదిగా విప్పింది. లోపలి జిగురుకి గులాబిరంగు కాగితపు ముక్కలు రెండు అతుక్కుని ఉన్నాయి. “రేవులో అమ్మేవాడు మీ కార్నవాల్ కాగితాల మీద టేపు ఎలా చుట్టాడు, దోన్? ఇది మొక్కు తర్వాతే చుట్టారు. ఆ మూత తెరిచే తాళంచెవి ఒక్కటే, మీ మెడలో ఉంది. సతుర్నీనా ఈ మూత తీయలేదు. నూనె పోయనూలేదు, తీయనూలేదు. నూనె నిండుగా ఉన్నా, దాన్ని తోసే పంపు అరిగి ఒత్తిడి పడిపోయిందని సెన్సర్ నిజం చెప్పింది. మీరు దాని నోరు నొక్కారు. తాళం మధ్యలో ఆపితే ముల్లు అబద్ధం చెబుతోందని ఈ పిల్ల కనిపెట్టేస్తుంది. అందుకే ఒకే తిప్పు నేర్పారు.”

జనం ఫోర్తునాతో మెడలోని తాళంచెవి వంక తిరిగారు.

“చెరువు కోసమే,” ఫోర్తునాతో గొంతు పీలగా వచ్చింది. “బండి ఏరినవాణ్ని నేను. ఆపితే అందరూ నవ్వేవాళ్లు. వానలదాకా లాగుతుందనుకున్నా.”

గ్రోవర్ సతుర్నీనా వంక చూశాడు. గెలిచిన ముఖం కాదది. ఇంట్లోవాళ్లే తలుపేసేస్తే వాకిట్లో మిగిలిపోయిన మనిషి ముఖం.

“నవ్వులకి భయపడి నా పిల్లల నేల ఇచ్చేశారా, పద్రీనో?” అంది. “నాకు చెప్పుంటే, మీతోపాటు నేనూ నవ్వులపాలయ్యేదాన్ని. కూతుర్ననుకున్నాను కదా.”

ఎవరో ముసలావిడ “క్షమించవే” అని ముందుకొచ్చింది. సతుర్నీనా చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ క్షమాపణలు ఇంటికి పట్టుకెళ్లండి. తీర్మానాల పుస్తకం తెండి. ముందే రాసిపెట్టుకున్న నా బహిష్కరణ నా కళ్లముందే కొట్టేయండి. నూనె లేకుండా నడిపి చంపానన్న ప్రతివాడూ ఆ పక్కన వేలిముద్ర వేసి తప్పు ఒప్పుకోవాలి. వానలకి ఇంకా నెల ఉంది. రేపు తెల్లారేసరికి ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి పలుగూ పారతో ఈ గోతిలో ఉండాలి. మొదటి పలుగు పోటు పద్రీనోది. ఈ సంఘంలో ఇకమీదట నడిపేవాళ్ల మాట వినకుండా ఏ యంత్రమూ కొనకూడదు, నడపకూడదు. రాయండి! చూస్తారేం? కలం తియ్యండి!”