నీళ్లలో దాచిన నిప్పు

"తెల్ల భాస్వరం. చూడ్డానికి మైనం ముద్ద. నీళ్లలో ఉన్నంతసేపూ పరమ సాధువు. నీళ్లు పోయి వేడిగాలి తగిలిందా, దానంతటదే అంటుకుంటుంది. ఎర్ర గుడ్డ కట్టిన చేపల పెట్టెలో పంపుతున్నారు. రైల్లో టైమర్ నీళ్లు వదిలేస్తుంది. రైలెక్కనివ్వకు."

చీఫ్ బ్రీఫింగ్ అంతే. 1998 మే నెలలో ఏజెంట్ శ్రీకృష్ణ చేపల వ్యాపారి వేషంలో మచిలీపట్నం చేరాడు. సాయానికి డిపార్ట్‌మెంట్ పంపిన అందగత్తె హన్నా అతని కాఫీలో మత్తుమందు కలిపింది. జీతం ఇక్కడ, పని విదేశీ ముఠాకి!

మెలకువ వచ్చేసరికి కదులుతున్న చేపల వ్యాన్‌లో ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. నోటికి ప్లాస్టర్. చుట్టూ ఐసు పెట్టెలు గోడలా పేర్చారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా ఎర్ర గుడ్డ పెట్టె. అది గుడివాడలో ప్యాసింజర్ ఎక్కుతుంది. బోగీల నిండా పిల్లాజెల్లా. ఏమీ చేయలేనందుకు శ్రీకృష్ణకు ఏడుపొచ్చింది.

గుడివాడ స్టేషన్. తలుపు తెరుచుకుంది. పెట్టెలు ఎక్కించే రామలక్ష్మి రోజూలాగే కరిగిన ఐసు నీళ్లు పోవడానికి అడుగు బిరడాలు ఒక్కొక్కటే పీకుతోంది. పెట్టెల వెనక ఉన్న శ్రీకృష్ణ ఆమెకు కనబడలేదు.

"దానికి వద్దు!" బయట నుంచి హన్నా అరిచింది.

"నీళ్లుంటే చేప కుళ్లిపోద్దండీ. మీకు తెలీదు," అంటూ రామలక్ష్మి ఎర్ర గుడ్డ పెట్టె బిరడా కూడా పీకేసింది.

ముఠా అన్నీ ఆలోచించింది, ఈ అలవాటు తప్ప.

నీళ్లు జారిపోయాయి. భాస్వరం వెల్లుల్లి వాసన గుప్పుమంది. మూత సందులోంచి తెల్లటి పొగ. రైలు బతికిపోయింది సరే, తను చస్తాడు. పాపం, రామలక్ష్మి కూడా. వీపు వ్యాన్ గోడకు ఆనించి, పక్క దొంతరను రెండు కాళ్లతో తన్నాడు. పైనున్న పెట్టె ఎర్ర గుడ్డ పెట్టె మీద బోర్లాపడి, దాని మూత విరిగి, ఐసూ చేపలూ మంట మీద కూలాయి.

రామలక్ష్మి కెవ్వుమంది. మనిషిని చూసి, పాకివచ్చి ప్లాస్టర్ లాగింది.

"బిరడా పెట్టండి! నీళ్లు పొయ్యండి! ఆవిణ్ణి పట్టుకోండి!"

రామలక్ష్మి బకెట్ మీద బకెట్ పోసింది. బుస్సుమని పొగ చచ్చింది. పరుగెత్తిన హన్నాను రైల్వే పోలీసులు గేటు దగ్గర పట్టుకున్నారు.

"ఇంతకీ అదేం చేపండీ?" కట్లు విప్పుతూ అడిగింది రామలక్ష్మి.

"విదేశీ సరుకమ్మా," దగ్గుతూ అన్నాడు శ్రీకృష్ణ. "మన ఎండకు తట్టుకోలేకపోయింది."