పడుగు దిగేదాకా

"ఓయమ్మా, గొడుగు ఈడ దులపొద్దు!"

అరుపు నేలలోంచి వచ్చినట్టు వినబడి నాగవేణి అదిరిపడింది. చూస్తే మనిషి నిజంగానే నేలలో ఉన్నాడు. గుంట మగ్గంలో నడుము దాకా దిగి కూర్చుని, కళ్ళెర్రజేసి చూస్తున్నాడు. అప్పటికే ఆమె గొడుగు కొసనుంచి నాలుగు వాన చుక్కలు మగ్గం మీద సాగదీసి ఉన్న పడుగు దారాల మీద పడ్డాయి.

"ఇల్లు సూడనీకె వచ్చినా," అంది నాగవేణి.

"ఇల్లు సూడు. పడుగు తడపాకు. గంజి పెట్టిన దారం, ఊరికే తెగిపోతాది."

"నాలుగు సుక్కలకేనా ఇంత కోపం?"

"నీ కంట్లో నాలుగు సుక్కలు కారంనీళ్ళు పడితే తెలుస్తాది."

పక్కన రాట్నం ముందు దారం కండెలు చుడుతున్న అతని తండ్రి గోవిందయ్య, నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "వీడు ఉమేషు. నా కొడుకే. మాట గరుకు గానీ నేత నునుపు," అన్నాడు.

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో రెండు గదుల ఇల్లు అది. ఇంటి యజమాని శ్రీశైలమ్మ వెనక గదిలో ఉంటూ ముందు గదిని ఉమేష్ మగ్గానికి బాడుగకిచ్చింది. ఇప్పుడు ఇల్లు అమ్మేసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఊళ్ళు చూసి రావాలని ఆమె కోరిక.

నాగవేణి సంగతి దానికి సరిగ్గా తలకిందులు. చేనేత ఎగ్జిబిషన్లలో చీరల స్టాలు పెడుతుంది. నాగపూర్‌లో పది రోజులు, మైసూరులో పన్నెండు రోజులు, తర్వాత పుణె. పుట్టింది ఎమ్మిగనూరులోనే. ఆమెకు ఆరేళ్ళప్పుడు తండ్రి మగ్గం అమ్మి చీరల మూట భుజానికెత్తుకున్నాడు. అప్పటినుంచీ లాడ్జి గదులే. తండ్రి పోయాక స్టాలు ఆమె చేతికొచ్చింది. తల్లి సుగుణమ్మ ఆదోనిలో పెద్దకూతురి దగ్గర ఉంటూ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట అంటుంది: "మొగుణ్ణన్నా సూసుకో, ఇల్లన్నా సూసుకో. రెండూ లేకుండా ఎన్నాళ్ళు తిరుగుతావే?"

మొగుడి కంటే ఇల్లు సులువనిపించి వచ్చింది.

"ఏడాదిలో ఎన్ని దినాలుంటావు ఈ ఇంట్లో?" అడిగాడు ఉమేష్.

నాగవేణి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ముప్పై. ముప్పై ఐదు."

"మిగతా దినాలు?"

"తాళం ఏస్తా."

"అయితే బల్లుల కోసం కొంటాండావు."

నాగవేణికి ఒళ్ళు మండింది. రైల్లో వస్తూ ఆమె తనకు తాను వేసుకున్న ప్రశ్న కూడా అదే. అందుకే ఇంకా మండింది.

శ్రీశైలమ్మ టీ గ్లాసు చేతికిస్తూ అంది: "ఒక మాట పాపా. మా వీధిలో మగ్గం మీద పడుగుండగా ఇల్లు చేతులు మారదు. నేత అయిపోయి పడుగు దిగినాకే రాయించుకునేది. మా అత్త కాలం నుంచీ అంతే."

"ఎన్నాళ్ళు పడతాది?"

"నాలుగు సీరలుండాయి. ఒక నెల," అన్నాడు ఉమేష్, ఆమె వైపు చూడకుండా.

నెల తర్వాత నాగపూర్ నుంచి ఆదోనిలో రైలు దిగి, బస్సెక్కి వచ్చింది. పడుగు దిగలేదు. దారం సరిగా లేదన్నాడు. ఇంకో నెలకు మైసూరు నుంచి వచ్చింది. అప్పుడూ దిగలేదు. నాయనకు జ్వరమన్నాడు. గోవిందయ్య వెంటనే రెండుసార్లు దగ్గాడు.

ఊరికే అడిగి పోవడం బాగుండదని మగ్గం గుంట గట్టు మీద కూర్చునేది. నాగపూర్‌లో కమలాపండ్లు ఎట్లుంటాయో, మైసూరులో ఏ రంగు చీర ముందు అమ్ముడుపోతుందో చెప్పేది. అతను నేస్తూ వినేవాడు. తాను నేసిన చీర కట్టుకున్నవాళ్ళను అతను ఒక్కసారైనా చూడలేదట. ఆ మాట విన్న తర్వాత నాగవేణి తన స్టాల్లో, ఎవరు నేసిన చీరైనా సరే, కొన్నవాళ్ళను అడిగి ఫోటోలు తీసి పంపడం మొదలుపెట్టింది.

"ఈయమ్మ బాగుంది," అనేవాడు ఫోన్‌లో.

"సీరనా, మనిషా?"

"ఫోటో తీసినామె."

"పడుగు దిగిందా లేదా సెప్పప్పా ముందు!"

జవాబుగా ఫోన్‌ను మగ్గం దగ్గర పెట్టేవాడు. టకటకా, టకటకా. లాడ్జి గదిలో పార్సిల్ అన్నం తింటూ ఆమె ఆ చప్పుడు వినేది. ఎంతసేపు వినేదో చూసుకునేది కాదు.

అక్టోబరులో శ్రీశైలమ్మ ఫోన్ చేసింది. "ఆదోని శేషప్ప వెంటబడినాడు పాపా. ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల అంగడి కడతాడంట. మగ్గం మీద పడుగున్నా వానికి పట్టదంట. రేపు సాయంత్రం లోపల నీ మాట సెప్పు. ఇంక నేను ఆగలేను."

నాగవేణి చెప్పకుండా బయల్దేరి వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

ఉమేష్ మగ్గం ముందు వంగి, వేళ్ళకు బూడిద అద్దుకుని, దిగిపోతున్న పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతున్నాడు. ఆమెకు చీర తెలుసు, ధర తెలుసు. మగ్గం మాత్రం ఆరేళ్ళ వయసులోనే వదిలేసింది. ఇలా అతుక్కుంటూ పోతే పడుగు ఎన్నటికీ దిగదని ఇప్పుడే తెలిసింది.

"ఎన్నిసార్లు అతికినావు?"

ఉమేష్ ఉలిక్కిపడ్డాడు. "మూడు."

"దారం బాగలేదని ఒకసారి. నాయనకు జొరమని ఒకసారి. ఎంత మోసమప్పా!"

"మొదటిసారి మగ్గం పోతాదని అతికినా."

"రెండోసారి?"

ఉమేష్ తండ్రి వైపు చూశాడు. గోవిందయ్య లేచి, "నాకు సెవులు వినపడవు," అంటూ వీధిలోకి పోయాడు.

"ఇల్లు కొన్నావంటే తాళమేసి పోతావు," అన్నాడు ఉమేష్, బూడిద చేతులు చూసుకుంటూ. "కొనకుంటే అడగనీకన్నా వస్తావు కదా."

నాగవేణి గుండె ఒక్కసారి ఎగిరింది. కానీ కోపం అంతకంటే పైకి ఎగిరింది. "నేను వచ్చేది నీ సంతోషానికి! ఇల్లేమో శేషప్పకు! బాగుందప్పా నీ లెక్క!" అని పెట్టె లాక్కుంటూ బస్టాండుకు పోయింది.

బస్సు ఇంకా బయల్దేరలేదు. సీటులో కూర్చుని ఐదు నిమిషాలు కూడా కాలేదు, కిటికీ కింద ఉమేష్ నిలబడ్డాడు. వానలో తడిసి ముద్దయ్యాడు.

"అతికిందంతా కోసేసినా," అన్నాడు రొప్పుతూ. "మిగిలిన జానెడు నేసేది మానేసినా. మగ్గం ఖాళీ. ఇప్పుడు పోయి అడిగితే శ్రీశైలమ్మవ్వ నీకే రాసిస్తాది. నేను ఎదురింటి బసప్ప వసారాలో మగ్గానికి గుంట తవ్వుకుంటా."

నేతగాడు నేత నడుమ పడుగు కోయడమంటే ఎంత కడుపుకోతో అది మాత్రం ఆమెకు తెలుసు. నాలుగు చుక్కల నీళ్ళకు అరిచిన మనిషి!

ఆ ముందు గది చప్పుడు లేకుండా, తాళం కింద ఉన్నట్టు ఊహించుకుంది. లాడ్జిలో ఫోన్ చెవికి పెట్టుకుంటే ఇంక ఏమీ వినబడదు. అలాంటి ఇల్లు తనకెందుకు?

"ఆదోని, ఆదోని! టికెట్ తీసుకోమ్మా!" అరిచాడు కండక్టరు.

"ఉండన్నా. ఇల్లు కొంటాండాను," అంది నాగవేణి.

"బస్సులోనా?"

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇల్లు కొంటా. మగ్గం మాత్రం కదలకూడదు."

"బాడుగెంత?" అన్నాడు ఉమేష్, నమ్మలేక.

"నాకు బాడుగకుండేవాడు వద్దు."

"మరి?"

"అన్నీ నేనే సెప్పాల్నా? నువ్వూ ఒకటి సెప్పు!"

"నన్ను పెండ్లి సేసుకో," అన్నాడు ఉమేష్. బస్సంతా అతని వైపు తిరిగింది. "నువ్వు తిరుగు. తిరగొద్దని ఏనాడూ అనను. ఏడాదికోసారి నన్నూ తీసుకపో. నా సీరలు కట్టినోళ్ళను సూడాల."

కండక్టరే ఆమె పెట్టె కిందికి అందించాడు.

ఇంటికి తిరిగొచ్చాక గోవిందయ్య ఒక్క మాటే అడిగాడు. "పాప ఊర్లు తిరుగుతాది, నువ్వు గుంటలో కూర్చుంటావు. సంసారం ఎట్లరా?"

"నేసేది వీడు, అమ్మేది నేను. మన సీరలు ఇన్నాళ్ళూ ఎవరో అమ్మినారు కదా మామా," అంది నాగవేణి.

మామా అన్న పిలుపుకే పెద్దాయన మెత్తబడ్డాడు. శ్రీశైలమ్మ ఇల్లు రాసిచ్చి, పెళ్ళి చూసుకుని, మర్నాడే చెల్లెలితో కాశీ రైలెక్కింది.

పెళ్ళైన పదో రోజున నాగవేణికి పుణె ఎగ్జిబిషన్. ఆదోని స్టేషన్‌లో ఉమేష్ చీరల మూట పైకెక్కించి, కిటికీ కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. రైలు కదిలింది. అతను పక్కనే నడుస్తూ అడిగాడు.

"ఇంటికెప్పుడొస్తావు?"

ఇరవై మూడేళ్ళుగా ఎన్నో ఊళ్ళలో ఎంతోమంది ఆమెను మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగారు. ఇంటికెప్పుడొస్తావని ఎవరూ అడగలేదు. నాగవేణి కిటికీ కడ్డీలకు మొహం ఆనించింది. రైలు వేగం పెరిగేలోపు గట్టిగా అరిచి చెప్పింది.

"పదకొండో తేదీ! మధ్యాన్నం అన్నం టయానికి!"