కార్డు లేని తెర

నారాయణఖేడ్ బస్‌డిపో ఎదురు సందులో రెండు గదుల కొట్టు. ముందు గదిలో రెండు టైపు మిషన్లు, వెనక గదిలో కంప్యూటర్. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్ ఉన్న గదంటే గర్భగుడి లెక్కే, చెప్పులతో పోవడానికి లేదు. ఆ కట్టడి పెట్టింది కొట్టు యజమాని మత్తయి. దుమ్ము పడితే మిషన్ చచ్చిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఒకసారి పాస్టరయ్య బూట్లతో అడుగు పెట్టబోతే, చేయి అడ్డం పెట్టి ఆపినంత ఘనుడు. తాను ఎంత తొందరలో ఉన్నా గడప దగ్గర ఆగేవాడు. చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో రెండింటినీ పక్కపక్కకు జరిపి, అప్పుడు లోపలికి వచ్చేవాడు.

సిర్గాపూర్ తోవలో జీపు బోల్తా పడి మత్తయి పోయి తొమ్మిది రోజులైంది. రేపు చర్చిలో ఆదరణ కూడిక. అక్కడ పంచే కాగితం మీద ఆయన ఫోటో వేయాలి. ఆ ఫోటో ఇప్పుడు కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదు.

పెళ్లి ఫోటోలు ఏనాడో ఇంటి కప్పు కారి ముద్దయిపోయాయి. మిగిలింది ఒక్క స్టూడియో ఫోటో. వెనక నీలం తెర, చేతుల కుర్చీ, అందులో కొత్త తోలు చెప్పులేసుకుని దర్జాగా కూర్చున్న మత్తయి. శవపెట్టె మూసే ముందు సాలమ్మ దాన్ని కొడుకు గుండెల మీద పెట్టింది. "నీ మిషిన్ల ఉన్నది గద బిడ్డా, గిది వానితోనే పోనీ" అంది. కోడలు రిబ్కమ్మ వద్దనలేదు. ఉన్న మాట నిజమే. స్కానర్ కొన్న రోజే మత్తయి ఆ ఫోటోను మిషన్‌లోకి ఎక్కించి, ఆన్ చేయగానే తెర నిండా అదే వచ్చేటట్టు పెట్టాడు. పొద్దున్నే నా మొహం చూడకుండా పని మొదలుపెట్టొద్దని నవ్వేవాడు.

రిబ్కమ్మ ఇంతవరకు ఏడవలేదు. అన్నం పెడితే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది. ఎవరికీ చెప్పని బాధ ఒక్కటి ఉంది. ఆయన ముఖం గుర్తుకు రావడం లేదు. గొంతు గుర్తుంది, దగ్గు గుర్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మరిచిపోకుండా పట్టుకుంటాననుకుంది.

సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది. బయట ముసురు. సాలమ్మ ముందు గదిలో బల్ల మీద కూర్చుంది. రిబ్కమ్మ చెప్పులు విడిచి, పరదా దాటి లోపలికి పోయి మీట నొక్కింది.

తెర నల్లగానే ఉంది. డబ్బా లోపలి నుంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.

ఆ కూత ఆమెకు తెలుసు. తెర మీద బొమ్మ రప్పించేది గ్రాఫిక్స్ కార్డు. అది సరిగ్గా అతకకపోతే మిషన్ అట్లా కూస్తుంది. బొమ్మ కార్డు అలిగిందని మత్తయి అనేవాడు. ఆయన ఎట్లా బతిమాలేవాడో పక్కన కూర్చుని చూసిందే. ప్లగ్గు పీకింది. డబ్బా మూత తీసింది. కార్డు ఊడదీసి, దాని ఇత్తడి రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దింది. మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే కూత.

"కనబడుతుండా?" ముందు గదిలోంచి సాలమ్మ మెల్లగా అడిగింది.

"ఇంకా లేదు అత్తమ్మా."

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. కార్డు లేకుండా ఆన్ చేయాలి. అప్పుడు కూడా కూస్తే మిషన్ ప్రాణంతో ఉన్నట్టు, తప్పు కార్డుదే. ప్లగ్గు పీకి, కార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. ప్లగ్గు పెట్టి మీట నొక్కింది.

కూత రాలేదు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు... పచ్చి మట్టి వాసన. ముసురు కదా అనుకుంది. కానీ ఆ గదికి కిటికీ లేదు.

తెర కింద నారింజ దీపం ఆకుపచ్చగా మారింది.

రిబ్కమ్మ ఒళ్లోకి చూసుకుంది. కార్డు అక్కడే ఉంది. చేత్తో తడిమి కూడా చూసింది. మిషన్‌లో దాని చోటు ఖాళీగా నోరు తెరిచి ఉంది. బొమ్మ రావడానికి లేదు. భయపడాలని ఆమెకు తెలుసు. భయం మాత్రం రాలేదు. ముఖం కనిపిస్తే చాలనుకుంటూ ముందుకు వంగింది.

బొమ్మ పైనుంచి కిందికి, గీత తర్వాత గీత, నింపాదిగా దిగుతోంది.

ఫోటోలో వెనకున్న నీలం తెర...

ఇంకా నీలం తెరే. ఈపాటికి జుట్టు రావాలి. నుదురు రావాలి.

రాలేదు.

కుర్చీ వీపు వచ్చింది. మనిషి వెనక దాగి ఇన్నాళ్లూ కనిపించని నగిషీ మొత్తం కనిపిస్తోంది. కుర్చీ చేతులు వచ్చాయి. వాటి మీద చేతుల్లేవు. దిండు వచ్చింది... మధ్యలో నొక్కుకుపోయి ఉంది, ఇప్పుడే ఎవరో లేచినట్టు.

"కనబడుతుండా బిడ్డా, నా కొడుకు?"

రిబ్కమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఒళ్లో కార్డు జారి నేల మీద పడింది.

చివరి గీతలు దిగాయి. కుర్చీ ముందు కొత్త తోలు చెప్పులు మాత్రం ఉన్నాయి. విడిచిన చెప్పులు. ఎవరో కాలి బొటనవేలితో జరిపినట్టు, రెండూ పక్కపక్కన...

వీపు వెనక మట్టి వాసన చిక్కబడింది. సిమెంటు నేల మీద ఉత్త పాదాల తడి చప్పుడు... ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

ఆయన ముఖం ఒక్కసారి చూస్తే చాలనుకుంది కదా. ఇప్పుడు తల తిప్పితే చాలు.

రిబ్కమ్మ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంది.