తగరపువలస డాబా మీది సిగ్నల్

దేవీప్రసాద్ ఫోన్‌లో తన హేచరీ మొట్టమొదటిసారి కనిపించినప్పుడు అందులో రొయ్యపిల్లల తొట్లు కనబడలేదు. స్క్రీన్ నిండా ఒక అమ్మాయి మొహం కనబడింది. అదీ తలకిందులుగా!

ఆ సమయానికి అతను విశాఖ పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తా బేరమాడుతున్నాడు. బేరం వదిలేసి ఫోన్‌లోకి అరిచాడు.

"ఎవరు నువ్వు? మా కప్పు మీద ఏటి సేత్తన్నావు?"

కెమెరాలో మైకూ, స్పీకరూ రెండూ ఉన్నాయి. అటువైపు ఆ అరుపు గట్టిగానే వినిపించినట్టుంది. అమ్మాయి ఉలిక్కిపడి నిచ్చెన పట్టుకుంది. ఆ తర్వాత కళ్ళు చిట్లించి కెమెరాకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

"కెమెరా పెడతన్నాను. మీరే కదా పిలిచారు?"

"నాను ఎడ్వర్డ్ గారిని పిలిచాను."

"ఆయన మా నాన్న. మోకాళ్ళ నొప్పులు, నిచ్చెనెక్కలేరు. ఎక్కే మనిషిని నాను. నా పేరు అక్సా."

"మరి మొహం తలకిందులుగా ఉందేటి?"

"తలకిందులుగా ఉన్నది కెమెరా. నాను సరిగ్గానే ఉన్నాను!"

ఉల్లిపాయల కొట్టువాడు పకపకా నవ్వాడు. దేవీప్రసాద్ వాడు అడిగినంత ధరా ఇచ్చేసి బస్తా భుజానికెత్తుకున్నాడు. భీమిలి బస్సు ఎక్కాక కూడా ఆ కళ్ళే గుర్తొస్తున్నాయి.

హేచరీ భీమిలి దాటాక సముద్రం ఒడ్డునే ఉంది. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగం మానేసి, అతను సొంతంగా మొదలుపెట్టిన పని అది. రొయ్యపిల్లల తొట్లలోకి పగలూ రాత్రీ గాలి బుడగలు వస్తూనే ఉండాలి. బుడగలు ఆగితే కాసేపట్లో పిల్లలన్నీ చచ్చిపోతాయి. ఆ భయంతో అతను తొట్ల పక్కనే మంచం వేసుకుని పడుకునేవాడు. ఇప్పుడు తల్లి రోజారమణికి కంటి జబ్బు వచ్చింది. ఆమెని మాటిమాటికీ విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎక్కడున్నా తొట్లు కళ్ళెదుటే ఉండాలని కెమెరాలు పెట్టించాడు.

అక్కడికి కేబుల్ నెట్ రాదు. మొబైల్ సిగ్నల్ గాలి వీస్తే ఉంటుంది, వీయకపోతే ఉండదు. అందుకని అక్సా హేచరీ కప్పు మీద ఒక తెల్లటి డిష్ బిగించి, తగరపువలసలో వాళ్ళ డాబా మీద ఇంకోటి దానికి ఎదురుగా పెట్టింది. ఇక్కడి బొమ్మలు గాల్లో అక్కడికి వెళ్ళి, వాళ్ళింటి నెట్ పట్టుకుని ప్రపంచంలో ఎక్కడికైనా వెళతాయి.

"ఇప్పుడు రికార్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోండి. అందరిలా ఒకటి రెండు మూడు కాదు. పొడుగ్గా ఉండాలి, అంకెలుండాలి, ఎవరూ ఊహించకూడదు. నాకూ చెప్పకండి," అని ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

దేవీప్రసాద్ ఆమె జడ వైపు చూస్తూ, తోచింది టైపు చేశాడు.

ఆ తర్వాత నుంచీ సిగ్నల్‌కి చిత్రమైన జబ్బులు పట్టుకున్నాయి. బొమ్మ మసగ్గా ఉందని ఒకసారి, శబ్దం గరగరలాడుతోందని ఇంకోసారి ఫోన్ చేసేవాడు. అక్సా స్కూటీ మీద వచ్చేది, చూసేది, నడుం మీద చేతులు పెట్టుకునేది.

"కెమెరా బంగారంలా ఉంది. తేడా మీలోనే ఉన్నట్టుంది!"

ఒకరోజు ఆమె వైర్లు సర్దుతుంటే, ఊళ్ళో ఉన్న దేవీప్రసాద్ ఫోన్‌లోంచే అటువైపు కెమెరా ఆపేశాడు. అతను తిరిగొచ్చాక ఆమె అడిగింది.

"ఎందుకాపారు?"

"అది రొయ్యల్ని సూడ్డానికి పెట్టింది. మీరు పన్జేసుకుంటుంటే ఎక్కడో కూకుని సూడ్డం బాగోదు కదా."

అక్సా మళ్ళీ వైర్ల మీదికి వంగింది. కానీ వెళ్ళేటప్పుడు, అవసరం లేకపోయినా, టీ తాగి వెళ్ళింది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఆమే ఒక మాట అంది. "ఆదివారం రాలేను. మల్కాపురం నుంచి పెళ్ళివాళ్ళు నన్ను చూడ్డానికి వస్తన్నారు."

దేవీప్రసాద్ "ఓహో" అన్నాడు. అంతే. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. సిగ్నల్ జబ్బులన్నీ ఒక్కసారిగా నయమైపోయాయి. ఆమె కూడా ఫోన్ చెయ్యలేదు.

వాయుగుండం పట్టిన రోజు అతను తల్లితో ఆసుపత్రి నుంచి కారులో తిరిగొస్తున్నాడు. ఆనందపురం దగ్గర చెట్టు కూలి రోడ్డు మూసుకుపోయింది. వర్షం కారు అద్దాలని బాదుతోంది. ఫోన్ తీసి చూశాడు. హేచరీలో కరెంటు లేదు, కెమెరాలు మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. తొట్లలో నీళ్ళు కదలడం లేదు. పనివాడు నూకాలు జనరేటర్ చుట్టూ తిరుగుతున్నాడు, అది మాత్రం మొదలవడం లేదు. అంతలో బొమ్మ వణికి ఆరిపోయింది. నూకాలు ఫోన్ కలవడం లేదు.

ఇక మొహమాటానికి వేళ కాదు. అక్సాకి ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"అక్సా గారూ, తొట్లలో గాలి ఆగిపోయింది, కెమెరా కూడా ఆరిపోయింది. జనరేటర్ ఎలా ఎయ్యాలో నూకాలుకి తెల్దు. నాను ఆనందపురంలో ఇరుక్కుపోయాను..."

"మా డాబా మీది డిష్ బాగానే ఉంది. గాలికి మీ కప్పు మీదిదే తిరిగిపోయుంటది. నాను వెళ్ళి తిప్పుతాను, మీరు చూసి చెప్పండి. కానీ రికార్డర్ ఆగి మళ్ళీ మొదలైతే లోపలికెళ్ళి నెట్‌కి కలపాలి. పాస్‌వర్డ్ చెప్పండి."

దేవీప్రసాద్ తల్లి వైపు ఓరగా చూశాడు. "అక్కడికెల్లాక సెప్తాను."

"అక్కడ ఫోన్ పనిచెయ్యదు కదండీ! బేగి చెప్పండి. అక్షరం అక్షరం."

"ఎ."

"ఊఁ."

"కె. ఎస్. ఎ."

"అది నా పేరు. నాను అడిగింది పాస్‌వర్డ్."

"పాస్‌వర్డే సెప్తన్నాను. ఇంకా ఉంది."

"...ఉంటే చెప్పండి."

"ఎన్. ఎ. వి. వి. ఐ. టి. హెచ్. ఇ." కళ్ళు మూసుకున్నాడు. "సి. హెచ్. ఎ. ఎల్. యు."

రాసుకున్న అక్షరాల్ని ఆమె గొణుక్కుంటూ కలిపి చదువుకోవడం వినిపించింది.

"చివర అంకెలేవైనా ఉన్నాయా?"

"లేవు."

"అంకెలుండాలని చెప్పేను కదా!" అని ఫోన్ పెట్టేసింది.

కోపమో, నవ్వో ఆ గొంతులో ఏమీ తెలియలేదు. పక్క సీట్లోంచి రోజారమణి తల తిప్పింది. కళ్ళలో మందు వేశారు, ఆమెకి అంతా మసకే.

"అదేటిరా, అంత పొడుగు స్పెల్లింగు?"

"పాస్‌వర్డమ్మా."

"నాకు కల్లల్లో సుక్కలేసారు గానీ సెవుల్లో ఎయ్యలేదురా. నానూ పదో తరగతి సదివినదాన్నే. ఎవరా అక్సా? నవ్వితే సాలేటి?"

"అమ్మా, పిల్లలు సచ్చిపోతంటే..."

"ఆటి సంగతి ఆ అక్సా గుంట సూసుకుంటాదిలే. నువ్వు నాకు సెప్పు."

చెప్పాడు. మల్కాపురం పెళ్ళివాళ్ళ దాకా అంతా చెప్పాడు. చెబుతూనే స్క్రీన్ నొక్కుతున్నాడు. ఆఫ్‌లైన్. మళ్ళీ ఆఫ్‌లైన్. ఆ ఈదురుగాలిలో ఆమె కప్పెక్కి ఉంటుందని అప్పుడు తోచింది. రొయ్యలు పోతే పోయాయి, ఆ పిల్ల జారిపడకుండా ఉంటే చాలనిపించింది.

ఫోన్ ఒక్కసారి వెలిగింది!

స్క్రీన్ నిండా అక్సా. జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, ముక్కు చివరి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈసారి నిటారుగానే ఉంది.

"వినపడతందా?"

"వినపడతంది! దెబ్బలేవీ తగల్లేదు కదా?"

"ముందు జనరేటర్ సంగతి చెప్పండి!"

"డీజిల్ అయిపోయాక పోసుంటాడు. గొట్టంలో గాలి పట్టేసింది. ఫిల్టర్ మీద చిన్న నట్టు ఉంటాది, వదులు సెయ్యండి. పక్కనున్న బొత్తాం నొక్కుతా ఉండండి. నురగ పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా. నూకాలూ, నువ్వు బకెట్టుతో తొట్లో నీలు ఎత్తి మల్లీ తొట్లోకే పొయ్యి, గాలి తగల్నీ, ఆపకు!"

"అలాగే బాబూ, పోత్తన్నాను, పోత్తన్నాను!"

అక్సా నొక్కింది. నట్టు బిగించింది. తాళం తిప్పింది. జనరేటర్ దగ్గి ఆగిపోయింది. ఇంకాసేపు నొక్కి మళ్ళీ తిప్పింది. ఈసారి గర్జించింది. దీపాలు వెలిగాయి. దేవీప్రసాద్ చూస్తుండగా తొట్ల అడుగు నుంచి బుడగలు ఒకటొకటిగా, ఆ తర్వాత గుంపులు గుంపులుగా పైకి లేచాయి.

అతను కారులోనే కేక పెట్టాడు. అటు నూకాలు బకెట్టు పట్టుకునే గెంతాడు.

అక్సా కెమెరా ముందుకొచ్చింది. చేతుల నిండా డీజిల్.

"ప్రసాద్ గారూ, నవ్వుతన్నాను. కనబడతందా?"

"కనబడతంది."

"మరి ఆ మాట నాకు చెప్పకుండా రికార్డర్‌కి చెప్పేరేటి?"

"పెళ్ళివాళ్ళు వస్తన్నారన్నారు కదా..."

"వచ్చారు, టిఫిన్ తిన్నారు, వెళ్ళారు. నాను వద్దనేసాను. మీరొక్కసారి ఫోన్ చేసి అడుగుతారేమోనని చూసి చూసి..." మొహం మీది నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. "మనిషికి ఒట్టి ఓహో ఒక్కటే వస్తే ఎలాగండి?"

దేవీప్రసాద్ నోరు తెరిచేలోపు తల్లి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నాను ఆడి తల్లిని. అన్నీ విన్నాను. ముందు తల తుడుసుకో, జొరమొచ్చేస్తాది."

అక్సా రెండు చేతులతో మొహం కప్పుకుని కెమెరాలోంచి మాయమైంది. బుగ్గల మీద డీజిల్ మరకలు పడి ఉంటాయి, పాపం.

రోడ్డు తెరుచుకుని వాళ్ళు హేచరీ చేరేసరికి వాన వెలిసింది. గుమ్మంలో ఎడ్వర్డ్ కుర్చీ వేసుకుని, మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నాడు. కూతుర్ని వెతుక్కుంటూ ఆటోలో వచ్చాడట. విషయమంతా నూకాలు అప్పటికే చెప్పేశాడు.

"బాబూ, మా అమ్మాయి చర్చి మానదు," అన్నాడు ఎడ్వర్డ్, ఉపోద్ఘాతమేమీ లేకుండా.

"మానొద్దండి," అన్నాడు దేవీప్రసాద్.

"మరి మీ అమ్మగారు?"

రోజారమణి తడుముకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. "నాను సింహాచలం మాననండి. శనివారం నాను కొండకెల్తాను. ఆదివారం ఆ గుంట చర్చికెల్తాది. మిగతా రోజులు ఇద్దరం కలిసి ఈడి మీద పడతాం."

ఎడ్వర్డ్ నవ్వాపుకోవాలని చూశాడు, కుదరలేదు. "కూర్చోండి వదినగారూ," అని తన కుర్చీ ఆమెకిచ్చాడు.

లోపల అక్సా ఒక గాజు గ్లాసుతో తొట్లో నీళ్ళు ముంచి, దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుంది. కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు గ్లాసు నిండా గిలగిలా తిరుగుతున్నాయి. దేవీప్రసాద్ వెళ్ళి రెండడుగుల దూరంలో ఆగాడు. గ్లాసు వైపే చూశాడు.

"బతికే ఉన్నాయి," అందామె మెల్లగా. "దగ్గరికొచ్చి చూడు. నీకు అక్కణ్ణుంచి ఏటి కనబడతాది?"

చూడు అంది. నీకు అంది.

అతను దగ్గరికి జరిగాడు. రొయ్యపిల్లల్ని మాత్రం చూడలేదు.