మల్లమ్మ ఆరో బిడ్డ

సాసర్లో పోసుకున్న టీని ఊదుతూ ఊదుతూనే బ్రహ్మం చచ్చిపోయాడు. 1969 జూన్, పొద్దున పదింటికి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోటల్. పిస్టల్‌కి సైలెన్సర్ ఉండటం వల్ల పక్క టేబుల్ వాళ్ళకి సాసర్ పగిలిన చప్పుడే వినిపించింది.

పదకొండుకల్లా ఏజెంట్ ఈ-నైన్, అంటే ఎస్తేరు, చీఫ్ వెంకట్రావు ముందు నిలబడింది. మూడు వారాలుగా ఆమె మారువేషం జనాభా సర్వే గుమాస్తా. నేత చీర, చంకలో రిజిస్టరు. ఆ రెండూ ఉన్న ఆడదాన్ని ఈ దేశంలో ఎవరూ రెండోసారి చూడరు.

"చూడమ్మాయ్," అన్నాడు చీఫ్. ఆయనది గుంటూరు వైపు. "పోయినవాడు మీ సర్వే సూపర్‌వైజర్. ఊరు తూర్పుకి పెరిగిపోతోంది కదా. కొత్తపేట, అల్మాస్‌గూడ దాకా ఎంత జనం, ఎక్కడ పుట్టారు, ఏం పని, ఎంత రాబడి, అంతా రిపోర్టు రాశాడు. నాలుగింటికి అచ్చు."

"కానియ్యండి సార్. గందుల పరేషాన్ ఏంది?"

"ప్రెస్సుకి రెండు రిపోర్టులు చేరాయి. రెండింటి మీదా బ్రహ్మం సంతకమే. ఏది తనదో చెప్పగలిగినవాణ్ణి లేపేశారు."

రెండు ఫైళ్ళూ టేబుల్ మీదే ఉన్నాయి. మొదటిదాని ప్రకారం ఇక్కడి ఉద్యోగాలన్నీ కోస్తావాళ్ళే ఎగరేసుకుపోయారు. వాళ్ళు ఎవరెవరో ఇంటి నంబర్లతో సహా పట్టిక. రెండోదాంట్లో ఏ ఆవేశమూ పుట్టించని అంకెలు.

"ఒకటి ట్రయాంగిల్ ముఠా పని. విదేశీ డబ్బు," అన్నాడు చీఫ్. "ఊళ్ళో కర్ఫ్యూలు, కాల్పులు. ఆ పట్టిక అబద్ధమై, అచ్చయిందో, ఇళ్ళు తగలబడతాయి."

పట్టికలో మూడో ఇల్లు సీతామహాలక్ష్మిది. ఎస్తేరు కిరాయికుంటున్న గది ఆ ఇంట్లోదే.

"మొదటిదే అసలుది," అంది సోఫాలోంచి సుమిత్ర. చీఫ్ నమ్మే లెక్కల నిపుణురాలు. నల్లకళ్ళద్దాలు, స్లీవ్‌లెస్ జాకెట్టు, గదంతా సెంటు. "ఆ అంకెలు చూడు డియర్. ఒక్క మనిషి తేడా లేదు."

ఎస్తేరు మొదటి ఫైల్లో నలభయ్యో పేజీ తిప్పింది. కొత్తపేట, నేతపనివాడు సిద్ధిరాములు, భార్య మల్లమ్మ, పిల్లలు ఆరుగురు. రెండో ఫైల్లో అదే ఇంటికి ఐదుగురు. అది వేరే గుమాస్తా తిరిగిన వీధి.

"జర చూసొస్తా సార్."

కొత్తపేటలో ఉంటున్నా మల్లమ్మది పోచంపల్లి. వాకిట్లో రంగు నూలు ఆరుతోంది. దాని కింద పిల్లలు దూరి ఆడుతున్నారు. ఎస్తేరు లెక్కపెట్టింది. ఆరుగురు. అందరికీ మల్లమ్మ ముక్కే.

"పిల్లలు ఎంతమంది అక్కా?"

"ఐదుగురు బిడ్డా. రాస్కో."

"మరి గా చిన్నది?"

"గది మా ఆడిబిడ్డ బిడ్డ," అంది మల్లమ్మ, ఆ పిల్లకి పాలిస్తూ. తర్వాత గొంతు తగ్గించింది. "అందర్నీ లెక్కబెడితే దిష్టి తాకదా? నీకు ఎర్క లేదా ఏంది?"

ఎస్తేరుకి ఎరుకే. మూడు వారాల్లో ఆమె తొక్కిన ఏ గడపలోనూ ఏ తల్లీ పూర్తి లెక్క చెప్పలేదు. ఒక బిడ్డని దాస్తారు. అడిగి రాసినవాళ్ళకి ఐదుగురే దొరుకుతారు. ఆరుగురు అని రాసినవాళ్ళు ఏ తల్లినీ అడగలేదు. దూరంగా, ఏ మేడ మీదో నిలబడి, బైనాక్యులర్స్‌లో లెక్కపెట్టుకున్నారు.

మూలమీది కొట్లో ఫోనందుకుని చీఫ్‌కి కోడ్‌లో చెప్పింది. "కూరలో ఉప్పెక్కువైంది సార్. మొదటి గిన్నెలో."

"ప్రెస్సుకెళ్ళు! మొదటిదే అచ్చెయ్యమని సుమిత్ర చేతికిచ్చి అక్కడికే పంపాను," అని అరిచాడు చీఫ్. "మనవాళ్ళు వస్తున్నారు."

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలు. ప్రెస్సులో మెషీన్ కదులుతోంది. సుమిత్ర చేతిలో లిప్‌స్టిక్. మూత తీస్తే పిస్టల్.

ఎస్తేరు గ్యాస్ పెన్ను నొక్కింది. అందులో గ్యాస్ లేదు. రీఫిల్ కోసం పెట్టిన ఇండెంట్ కాగితం మూడు నెలలుగా సెక్షన్లోనే మూలుగుతోంది.

చేతిలో మిగిలింది రిజిస్టరే. దాన్ని రోలర్ల మధ్యకి తోసింది. మెషీన్ కీచుమని బిగుసుకుపోయింది. సుమిత్ర అటు తిరిగిన ఆ అరక్షణంలో, అప్పుడే లోపలికొచ్చిన చీఫ్ మనుషులు ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు. గుండు సిరా డబ్బాని పేల్చింది.

"ఎక్కడ తప్పు చేశాను?" అంది సుమిత్ర, కళ్ళద్దాల మీద సిరా కారుతుంటే.

"లెక్క సరిగ్గ రాసినవ్ మేడమ్. గదే."

సాయంత్రం చీఫ్ అసలు రిపోర్టు చదివాడు. ఎస్తేరు చదివించింది. ఇక్కడ పుట్టినవాళ్ళూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళూ, ఐదింట నాలుగు కుటుంబాలు ఒకే గదిలో. అదే రేషన్ బియ్యం, అదే నీళ్ళ లైను, అదే దొరకని పని.

"ఇది రేపు అచ్చేద్దామా సార్? జనం ఒకరిమొహం ఒకరు చూస్కుంటరు."

"చూసుకుని, ఇద్దరూ కలిసి మన ఆఫీసు మీదికొస్తారమ్మాయ్." చీఫ్ 'కాన్ఫిడెన్షియల్' ముద్ర కొట్టి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు.

ఆ వారంలోనే సీతామహాలక్ష్మి కిటికీ అద్దం మీద రాయి పడింది. విసిరినవాడు ఏ రిపోర్టూ చదవలేదు. అసలుది మాత్రం ఈనాటికీ క్షేమం. ట్రయాంగిల్‌కే కాదు, ఎవరికీ దొరకలేదు.